ఖాళీ డబ్బా తిరిగివ్వని పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని మంగళవారం పొద్దున మా బిల్డింగు నాతూర్ చెప్పాడు. నాతూర్ అంటే ఇక్కడ కాపలా మనిషి. నేను కాలేజీ బస్సు కోసం కిందికి దిగుతున్నాను. ముందురోజు సాయంత్రం దుబాయ్ సత్వాలోని కుట్టుదుకాణంలో, మిషను ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందట. ఆసుపత్రికి చేర్చేసరికే గుండె ఆగిపోయిందట. "ఖలాస్," అన్నాడు నాతూర్, రెండు అరచేతులూ దులిపి చూపిస్తూ. పని అయిపోయినా, పాలు అయిపోయినా, మనిషి అయిపోయినా, దుబాయ్ పక్కనున్న ఈ అజ్మాన్‌లో అదే మాట. ఆ పొద్దున ఆ మాట మీద నాకు చాలా కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

మధ్యాహ్నానికి బిల్డింగులోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు నిండా దండం పెట్టే చేతులు. ఆత్మకు శాంతి కలగాలని ఒకరు రాశారు, దాన్నే మిగతావాళ్లూ రాశారు. ఎవరినీ తప్పు పట్టడం లేదు. కానీ పెద్దమ్మకు శాంతి కోరడం చేపకు పొడినేల కోరడం లాంటిది. ఆవిడ ఇంట్లో ఉన్నంతసేపూ ఆవిడ గదిలో ఏదో ఒకటి మోగుతూనే ఉండేది. అందుకని ఆవిడ గురించి శాంతంగా రాయడం నా వల్ల కాదు. ఇది చదివేవాళ్లు కూడా కాస్త చప్పుడు భరించాలి.

ఆవిడ మాకు చుట్టం కాదు. మాది కాకినాడ వైపు. నాన్నకు ఆఫీసు ఉద్యోగం, అద్దెలు తక్కువని అజ్మాన్‌లో కాపురం. ఆవిడది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా అంతస్తులో చివరి గది ఆవిడది. మొదటిసారి నేను "ఆంటీ" అని పిలిస్తే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఆంటీ ఏందే? నేనేమన్న డబ్బాల దొరికే బిస్కెట్టునా? మీ అమ్మకన్న పెద్దదాన్ని. పెద్దమ్మ అను."

అప్పటినుంచి పెద్దమ్మే.

అది కరోనా ఏడాది. స్కూలు ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది. మైకు ఆపేసి, కెమెరా ఆపేసి, క్లాసులో ఉన్నట్టు లేనట్టు కూర్చునేదాన్ని. వరండా చివరి గది నుంచి మాత్రం రోజుకొక దేశం వినిపించేది. ఒకరోజు తీగవాద్యం, ఒకరోజు డప్పు, ఒకరోజు ఎవరో ఇనపరేకును రంపంతో కోస్తున్నట్టు చప్పుడు. ఆ గదిలో చాలామంది ఉంటారనుకున్నాను. ఒక మధ్యాహ్నం మాస్కు కట్టుకుని వెళ్లి తలుపు ముందు నిలబడ్డాను. తలుపు తీసింది ఒక్కతే మనిషి. మెడలో కొలతల టేపు, పెదాల మధ్య గుండుసూది.

"లోపటికి రాకు, రోగాల కాలం. గడప అవతల కూసో. తలుపు తెరిచి పెడ్త, ఇను," అంది.

అలా నేను విన్న మొదటి ఆల్బం వరండా నేల మీద కూర్చుని విన్నదే. ఊద్ అనే అరబ్బు వాద్యం. ఒక్క పాట అయ్యాక లేవబోయాను.

"కూసో. అయిపోలే."

"ఇంకొకటి రేపు వింటాను పెద్దమ్మా."

"ఒక్క పాట ఇంటె మొగం చూసినట్టు. మొత్తం ఇంటె ఇల్లు చూసినట్టు. మొగం చూసి ఉరుకుతవా?"

ఆవిడకు ఆల్బం అనే మాట నచ్చేది కాదు. సీడీ అయినా, పెన్‌డ్రైవ్ అయినా, అన్నిటినీ క్యాసెట్ అనే అనేది. వెళ్లేటప్పుడు ఆ సీడీని డెట్టాల్ గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టింది. రెండు రోజులు విని తిరిగి తీసుకెళ్లాను. డబ్బా మూత తీసి చూసింది. తిరగేసి దులిపింది.

"ఖాళీ డబ్బా ఇస్తున్నవేందే?"

"సీడీ ఉంది కదా పెద్దమ్మా."

"అది నాది. నాది నాకిచ్చినవ్. మరి నీదేది? మీ అమ్మ నా కూరగిన్నె ఖాళీగ పంపుతదా?"

పంపదు. ఇంట్లో ఏమీ లేకపోతే అమ్మ గుప్పెడు పంచదారైనా పోసి పంపుతుంది. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వకూడదని మా ఇంట్లోనూ అనుకుంటారు, ఆవిడ ఊళ్లోనూ అనుకుంటారు. ఆ నియమాన్ని పెద్దమ్మ పాటలకు కూడా పెట్టేసింది. ఆవిడ దగ్గర ఒక ఆల్బం తీసుకుంటే, తిరిగిచ్చేటప్పుడు ఇంకొకటి పట్టుకెళ్లాలి. అది నాది కాకూడదు. నాకు తెలిసినదీ కాకూడదు. ఎవరినో ఒకరిని అడిగి, వాళ్ల చేతుల మీదుగా తెచ్చినదై ఉండాలి.

"ఫోన్‌లో వెతికితే చాలు కదా, అన్నీ దొరుకుతాయి," అన్నాను.

"నీ ఫోను నీకు నచ్చిందే తెస్తది. నచ్చనిది తెచ్చేటోడు మనిషే."

ఈ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు తరచూ గుర్తొస్తుంది.

నేను అడిగిన మొదటి మనిషి పై అంతస్తులో ఉండే ఈజిప్టు అబ్బాయి, నా క్లాస్‌మేట్. వాళ్ల అన్న వదిలేసి వెళ్లిన హెవీ మెటల్ సీడీ ఇచ్చాడు. అట్ట మీద పుర్రెలు. పెద్దమ్మ చేతిలో పెట్టడానికి భయమేసింది. ఆవిడ పుర్రెలను చూసి "పాపం బక్కగున్నరు" అని, సీడీని ప్లేయర్‌లో పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. గొంతు చించుకునే అరుపు మొదలైంది. కళ్లు మూసుకుని విన్నది. కాసేపటికి తల ఊపడం మొదలుపెట్టింది.

"ఇది శివసత్తుల పూనకం గదనే! గీ పోరగాళ్లకెట్ల తెల్సింది?"

ఆ అరుపులకు అమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఏమైందండీ? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఎవ్వలకేం గాలే చెల్లె," అంది పెద్దమ్మ, కళ్లు తెరవకుండానే. "దేవుడొచ్చిండు. నువ్వు గూడ కూసో."

అమ్మ కూర్చోలేదు. కానీ ఆ రోజు నుంచి ఆవిడ గిన్నెల్లో పంచదార బదులు పులిహోర వెళ్లేది.

కరోనా కట్టుబాట్లు సడలాక గడప అవతలివాళ్లం గదిలోకి మారాం. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక. స్కూలు బస్సు నడిపే పఠాన్ భాయ్, కింది అంతస్తులో ఉండి పిల్లల నర్సరీలో పనిచేసే ఇథియోపియా అక్క, ఈజిప్టు అబ్బాయి, నేను. వచ్చి కూర్చున్నవాళ్లందరికీ చోటుండేది. మధ్యలో ఒక ఏడాది సర్కారు వారాంతపు సెలవును శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మార్చింది. "మనం కూడా ఆదివారానికి మారదాం పెద్దమ్మా" అని అందరం అడిగాం.

"మీ సెలవు మారింది. నా దుకాణం సెలవు మారలే. నా శుక్రారం ఎవ్వలడిగినా ఇయ్య."

శుక్రవారం స్కూలు ఒంటిపూటే కాబట్టి మేమే యూనిఫాంలతో పరిగెత్తుకొచ్చేవాళ్లం. పఠాన్ భాయ్ నమాజు నుంచి నేరుగా వచ్చేవాడు.

గోడ వారన ఒక ఇనప అర ఉండేది. అందులో ఆల్బంలను ఆవిడ సర్దిన పద్ధతి ఏ దుకాణంలోనూ ఉండదు. పాడినవాళ్ల పేరు మీద కాదు, రకం మీద కాదు, భాష మీద కాదు. ఎవరిచ్చారో వాళ్ల పేరు మీద. పఠాన్ భాయ్ వరుస, ఇథియోపియా అక్క వరుస, దుకాణంలో బట్టలు కుట్టించుకునే ఫిలిప్పీన్స్ నర్సు వరుస. నేను అడిగి తెచ్చినవి కూడా నా వరుసలోకి రాలేదు, నాకిచ్చినవాళ్ల వరుసలోకే వెళ్లాయి. "నువ్వు మోసినవ్ అంతే" అనేది. వెళ్లిపోయినవాళ్ల వరుసలు కూడా అలాగే ఉండేవి. వీసా అయిపోయి దేశం వెళ్లిపోయినవాళ్లు, కంపెనీ మూసేస్తే పోయినవాళ్లు. ఈ ఊళ్లో మనుషులు ఎంత తొందరగా మాయమవుతారో ఇక్కడ పెరిగిన నాలాంటి వాళ్లకు తెలుసు. ఒక సెలవులయ్యాక వస్తే పక్క బెంచీ ఖాళీగా ఉంటుంది, ఎవరూ ఏమీ అనరు. పెద్దమ్మ అరలో మాత్రం ఎవరూ ఖాళీ చేసి పోలేదు.

శుక్రవారపు నియమాలు ఇంకా ఉన్నాయి. పాట నడుస్తుండగా ఫోను చూడకూడదు. మధ్యలో పాట దాటేయకూడదు. అయిపోయాక ప్రతి ఒక్కరూ ఎలా ఉందో చెప్పాలి. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు "బాగుంది" అన్నాను.

"బాగుంది అనుడు బంద్," అంది. "ఉప్మా బాగుంటది. చీర బాగుంటది. మీ నాయిన బాగుంటడు. పాట ఎట్లున్నదో చెప్పు."

"అర్థం కాలేదు పెద్దమ్మా, అరబ్బీ కదా."

"నచ్చలేదను, పంచాది లేదు. అర్థం గాలేదని తప్పించుకోకు. చెవులు నీయే గద?"

చాలాసేపు ఆలోచించి, ఎవరో ఖాళీ ఇంట్లో ఒక్కో గదిలోకీ వెళ్లి దీపం వేసి చూస్తున్నట్టుంది, అన్నాను. పెద్దమ్మ నన్ను కొత్తగా చూసింది. "ఇగ గిట్ల చెప్పు" అంది. నాకు మాటల మీద ఇష్టం మొదలైంది ఆ క్షణాన్నే. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర అప్పుడే నేర్చుకుంటున్నాను. ప్రతి శుక్రవారానికి ఒక కొత్త మాట కావాల్సి వచ్చేది, వారమంతా దానికోసం వెతికేదాన్ని. మిగతావాళ్లూ తక్కువేం కాదు. పుర్రెల సీడీని అందరం కలిసి మళ్లీ విన్న శుక్రవారం పఠాన్ భాయ్ గడ్డం నిమురుకుని, "గాడీ పహాడ్ సే ఉతర్ రహీ హై, ఔర్ బ్రేక్ నహీ హై" అన్నాడు. కొండ దిగే బండికి బ్రేకుల్లేవని! అంతకన్నా సరిగ్గా చెప్పడం ఎవరికీ చేతకాలేదు.

ఇంకొక నియమం ఆవిడ ఎప్పుడూ నోటితో చెప్పలేదు. మధ్యాహ్నం మేము వినడం మొదలుపెట్టిన కాసేపటికి పక్క మసీదులో అసర్ బాంగు, అంటే మధ్యాహ్నం తర్వాతి నమాజు పిలుపు, వచ్చేది. అది మొదలవగానే పెద్దమ్మ చెయ్యి ప్లేయర్ మీదికి వెళ్లేది. పాట ఎక్కడుంటే అక్కడ ఆగిపోయేది. బాంగు పూర్తయ్యేదాకా ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. తర్వాత ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలు. అలా విని విని, కొన్ని ఆల్బంలు నాకు మధ్యలో బాంగుతోనే గుర్తున్నాయి. వేరేచోట అదే పాట ఆగకుండా సాగిపోతుంటే, ఏదో ముక్క కోసేసినట్టుంటుంది.

ఈ పిచ్చి ఎలా పట్టిందని ఒకసారి అడిగాను. ఆవిడ ఈ దేశం వచ్చింది ఇంటిపని వీసా మీద. కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో, ఒక ముసలావిడ ఉండేదట. ముసలావిడ ఊద్ క్యాసెట్‌ను కోడలు చెత్తలో వేయమంటే, పెద్దమ్మ వేయకుండా దాచి, పని చేసుకుంటూ విన్నదట. తర్వాత ముసలావిడకే తిరిగిచ్చేయాలనిపించిందట. "ఖాళీగ ఎట్లియ్యాలె? ఊరికి పోయినప్పుడు ఒగ్గుకథ క్యాసెట్ తెచ్చి దాంతోని కలిపి ఇచ్చిన. ముసల్ది ఒక్క ముక్క తెల్వకున్నా అంత ఇన్నది. ఇని ఏడ్చింది. ఎందుకేడ్చిందో నేనడగలే, ఆమె చెప్పలే." భర్త గురించి మాత్రం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు తొట్టెల వేడుక సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆ తర్వాత మేం చేసింది మీకు తప్పుగానే కనిపిస్తుంది.

పై అంతస్తులో నిజామాబాద్ దంపతులకు పాప పుట్టింది. మేం బారసాల అంటాం, పెద్దమ్మ వాళ్లు తొట్టెల అంటారు. పాటలు పెట్టే పని పెద్దమ్మదే. పఠాన్ భాయ్ ఇచ్చిన, వాళ్ల పష్తో భాష క్యాసెట్ ఒకటి ఆవిడకు కొత్తగా వచ్చింది. ఒకే గొంతు, నెమ్మదిగా ఊగే లయ. ఊయలకు ఇంతకన్నా ఏం కావాలని అదే పెట్టింది. ముత్తైదువలు తొట్టె ఊపారు, పాప నవ్వింది, ఫోటోలు తీశారు. అంతలో పఠాన్ భాయ్ బొమ్మ పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగి తెల్లబోయాడు.

"బాజీ," అన్నాడు గొంతు తగ్గించి. బాజీ అంటే అక్క. "యే తో మౌత్ కా గానా హై. జబ్ కోయీ మర్ జాతా హై, తబ్ గాతే హైఁ."

చావు పాట. గదిలో ఉన్నవాళ్లందరికీ హిందీ వచ్చు. పాప నాయనమ్మ ఊయల మీద నుంచి చెయ్యి తీసేసింది. "అయ్యో దేవుడా, శుభమా అని..." అని మొదలుపెట్టింది. పెద్దమ్మ తొట్టె దగ్గరికి వెళ్లి తానే ఊపడం మొదలుపెట్టింది.

"పిల్ల నవ్వింది గద. దానికి ఎరుకైంది, మనకే కాలే. ఎవ్వలు బుగులు పడకుండ్రి. పుట్టినింట్ల చావు పాట మోగింది. నేను పోయిన్నాడు నాకు లగ్గం పాట పెట్టుండ్రి. లెక్క బరాబర్."

అందరూ నవ్వారు. నాయనమ్మ కూడా నవ్వింది. పాప ఇప్పుడు వరండా అంతా పరిగెడుతోంది, కేకలకు మెటల్ గాయకులు చాలరు.

మళ్లీ ఆ మంగళవారానికి వస్తాను. పెద్దమ్మ పోయేనాటికి ఆవిడ సీడీ ఒకటి నా దగ్గర ఉంది. ఇథియోపియా అక్క వరుసలోది. ఇథియోపియా పెళ్లిపాటలు. శుక్రవారం తిరిగివ్వాలి.

పెద్దమ్మకు ఈ దేశంలో ఉన్న ఒకే ఒక్క రక్తసంబంధం తమ్ముడు. దుబాయ్ అవతల జెబెల్ అలీలో గోడౌన్ పని, అక్కడే లేబర్ క్యాంపులో ఉంటాడు. నెలకొకసారి వచ్చి అక్క వండిన కూరలు పట్టుకెళ్లేవాడు. శుక్రవారం కూర్చోమంటే సిగ్గుపడి, నిలబడే నీళ్లు తాగి వెళ్లిపోయేవాడు. పెద్దమ్మ తమ్ముడు కాబట్టి నాకు మామయ్య. బుధవారం వచ్చి కాగితాల పనంతా చేశాడు. గురువారం విమానంలో అక్కను ఊరికి పంపాడు. తను మాత్రం వెళ్లలేకపోయాడు. పైన ఉండే ముదీర్, అంటే మేనేజరు, సెలవివ్వలేదట. మనుషులు తక్కువున్నారట. శనివారంలోగా గది ఖాళీ చేసి, తాళంచెవి ఇచ్చి, డ్యూటీలో చేరాలి. శుక్రవారం మధ్యాహ్నం అక్కడ దహనం, ఇక్కడ ఫోనులో చూడాలి.

శుక్రవారం పొద్దున నేను ఆ గదికి వెళ్లాను. అర ఖాళీ అయిపోయింది. వరుసలన్నీ కలిసిపోయి అట్టపెట్టెల్లో పడి ఉన్నాయి. మామయ్య టేపుతో పెట్టెలు మూస్తున్నాడు. బలదియా వాళ్ల, అంటే మున్సిపాలిటీ వాళ్ల, చెత్తకుండీ దగ్గర పెట్టేస్తే ఎవరికి కావాల్సినవి వాళ్లు తీసుకుంటారని నాతూర్ చెప్పాడట.

"మామయ్యా, ఈ రోజు శుక్రవారం. మధ్యాహ్నం మేమంతా..."

"మీరంత?"

"పాటలు వింటాం. పెద్దమ్మ ఎప్పుడూ..."

టేపు కింద పడేశాడు. "మా అక్క ఆడ కట్టెల మీదికి పోతున్నది, ఈడ మీకు పాటలు గావాల్నా? మనుషులేనా మీరు?"

నా వెనకే అమ్మ వచ్చింది. నా మోచెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చింది.

"ఆయన మనసు ఎలా ఉంటుందో ఆలోచించావా? పదకొండు రోజులు ఆగు. పాటలెక్కడికీ పోవు."

"పోతాయమ్మా. నా దగ్గరున్న పెళ్లిపాటల సీడీ తప్ప అన్నీ సాయంత్రానికి చెత్తకుండీ దగ్గరుంటాయి. మామయ్య రేపు వెళ్లిపోతాడు. ఈ శుక్రవారం ఆగితే వచ్చే శుక్రవారం ఉండదు. ఇక్కడ ఏదైనా అంతే కదా, ఒకసారి ఖలాస్ అంటే ఖలాస్."

"చావు జరిగిన గుమ్మంలో పెళ్లిపాటలా? నలుగురూ ఏమంటారే?"

"పెద్దమ్మ ఏమంటుందో నాకు తెలుసు."

భోజనాలయ్యాక నేను సీడీ తీసుకుని వెళుతుంటే, అమ్మ మా ఇంటి చాప చుట్టి నా చేతికిచ్చింది. "నేల చల్లగా ఉంటుంది" అంది, అంతే.

మూసిన తలుపు ముందు, వరండాలో చాప పరిచాం. నేను కరోనా రోజుల్లో కూర్చున్న చోటే. పఠాన్ భాయ్ నమాజు బట్టల్లోనే వచ్చాడు. ఇథియోపియా అక్క తెల్లచీర లాంటి బట్ట కప్పుకుని వచ్చింది. ఈజిప్టు అబ్బాయి సీడీలు పట్టే పాత ల్యాప్‌టాప్ తెచ్చాడు. ప్లేయరు లోపల ఉంది మరి. తలుపు అవతల నుంచి ఫోనులో డప్పుల చప్పుడు, ఏడుపులు సన్నగా వచ్చి, కాసేపటికి అవీ ఆగిపోయాయి. దహనం అయిపోయిందని అర్థమైంది. బాధలో ఉన్న మనిషి గుమ్మంలో ఇది చేయొచ్చా అని ఆఖరి క్షణం వరకూ అనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగినా నా దగ్గర ఒకటే జవాబు ఉంది. ఆవిడ అడిగింది. మేం నవ్వాం. నవ్వినవాళ్లం మాట తప్పకూడదు.

పాట మొదలైంది. ల్యాప్‌టాప్‌లో పలచగా, దోమ పాడినట్టు. అయినా డోలు డోలే, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ వేసే పెళ్లికేక పెళ్లికేకే. తలుపు కదల్లేదు. రెండో పాట. మూడో పాట. వచ్చేపోయేవాళ్లు ఆగి చూసి, తల తిప్పుకుని వెళ్లారు. వాట్సాప్‌లో శాంతి కోరిన ఒకాయన "ఇదేం చోద్యం" అనుకుంటూ లిఫ్టు ఎక్కాడు. మేం లేవలేదు. దాటేయలేదు. నాలుగో పాట మధ్యలో పక్క మసీదులో అసర్ బాంగు మొదలైంది.

నేను పాట ఆపేశాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మామయ్య గడప లోపల నిలబడ్డాడు. చేతిలో ఫోను, కళ్లు ఎర్రగా. ఏదో అనబోయి, బాంగు విని ఆగిపోయాడు. అది పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. మేం అలాగే కూర్చున్నాం.

"అక్క గూడ గిట్లనే ఆపుతుండె," అన్నాడు ఆ తర్వాత. పాట వచ్చిన వైపు చూసి, "ఇదేం పాట?" అన్నాడు.

ఇథియోపియా అక్క తనకొచ్చిన హిందీలో, "షాదీ కా" అంది.

"లగ్గం పాటనా? ఇయ్యాల?" గొంతు మళ్లీ లేచింది.

"బాజీ నే ఖుద్ బోలా థా, భాయ్," అన్నాడు పఠాన్ భాయ్. అక్కే స్వయంగా చెప్పిందని. నేను తొట్టెల సంగతి మొత్తం చెప్పాను. ఊపిరి తీసుకోకుండా, పాప నవ్వు దగ్గర నుంచి చివరి మాట దాకా. మామయ్య గుమ్మానికి ఆనుకుని విన్నాడు.

"లెక్క బరాబర్ అన్నదా?"

"అవును మామయ్యా."

"అంటది. చిన్నప్పటి సంది గంతే. గోలీలాటల గూడ లెక్క ఇడువకపోతుండె." నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగిపోయింది. "మా అక్క లగ్గానికి సప్పుడే లేకుండె. కరువు ఏడు. బ్యాండోళ్లను పిలుస్తనన్నడు నాయిన, పిలువలే. ఎడ్లబండి కిర్రుకిర్రుమనుకుంట పోయింది. గదే బ్యాండు."

లోపలికి వెళ్లిపోయాడు. తలుపు వేసేసుకుంటాడనుకున్నాం. అట్టపెట్టె మీది టేపు చింపుతున్న చప్పుడు వినిపించింది. పెద్దమ్మ ప్లేయర్‌ను రెండు చేతులతో పట్టుకుని బయటికొచ్చి చాప మీద పెట్టాడు. తను కూడా కూర్చున్నాడు, మొదటిసారి.

"ఇన్నేండ్ల సంది అక్క కాడికెళ్లి కూర డబ్బాలు తీస్కపోయిన," అన్నాడు నన్ను చూడకుండా. "ఒక్కనాడన్న నింపి తేలే. అందరిని అంటుండె, నన్నొక్కన్ని ఏమనకపోతుండె. ఇది మీ కాడ ఉండనియ్యి. గా క్యాసెట్లు గూడ. ఎవ్వల వరుస వాళ్లకు మళ్ల పెట్టుకోండ్రి. బలదియా డబ్బాలకు నేను పంప."

ఈజిప్టు అబ్బాయి సీడీని ల్యాప్‌టాప్ నుంచి తీసి ప్లేయర్‌లో పెట్టాడు. నేను నాలుగో పాట దగ్గరికి తెచ్చి, ఆగిన చోటు కోసం వెతికాను. మామయ్య చెయ్యి ముందుకొచ్చింది.

"నేను పెడ్త."

పెట్టాడు. ఈసారి డోలు దోమలా లేదు. వరండా గోడలకు తగిలి, మెట్ల మీదుగా కింది అంతస్తులకు దిగింది. మా ఇంటి తలుపు తీసుకుని అమ్మ బయటికొచ్చింది. గరిటె లేదు చేతిలో. వచ్చి చాప చివర కూర్చుంది. పెళ్లికేక వచ్చినప్పుడు ఇథియోపియా అక్క కూడా గొంతు కలిపింది. ఎక్కడో పై అంతస్తు నుంచి తొట్టెల పాప దానికి బదులుగా కేక వేసింది.

పాటలన్నీ అయ్యాక ఎలా ఉందో ఒక్కొక్కరం చెప్పుకున్నాం. బాగుంది అని ఎవరూ అనలేదు. మామయ్య తన వంతు వచ్చినప్పుడు, "బండి ఎన్కకు తిరిగొచ్చినట్టున్నది" అన్నాడు.

నా కళ్లల్లో మిగిలింది మాత్రం ఇది. ప్లేయర్ తీగ పొడవు అంతంతమాత్రం. వరండాలో ప్లగ్గు లేదు. అందుకని మామయ్య తీగను లోపలి గోడ ప్లగ్గులోనే పెట్టి, గడప మీదుగా బయటికి లాగాడు. నల్లటి ఆ తీగ గుమ్మానికి అడ్డంగా, బిగుతుగా పడి ఉంది. వరండాలోని ఏసీ గాలికి తలుపు నెమ్మదిగా మూసుకోబోయేది. తీగకు తగిలేది. ఆగిపోయేది. మళ్లీ మూసుకోబోయేది, మళ్లీ ఆగేది.